ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ చేతికి రావాలంటే

హైదరాబాద్‌లో అద్దె ఇంటికి సాధారణంగా రెండు నెలల అద్దెను, బెంగళూరులో అయితే అంతకు కొన్ని రెట్లు, అడ్వాన్స్‌గా ముందే కట్టించుకుంటారు. ఒక్క పూటలో ఇచ్చేసిన ఆ డబ్బు వెనక్కి రావడానికి నెలల తరబడి తిరగవలసి వస్తోందంటే, లెక్క కాగితం మీద తేలకముందే తాళాలు చేతులు మారడమే దానికి మూలమని నా అనుభవం.

ఇల్లు ఖాళీ చేయాలనుకున్న రోజునే అద్దె అగ్రిమెంట్ తీసి మళ్ళీ చదవండి. ఎన్ని రోజుల ముందు చెప్పాలి, పెయింటింగ్‌కు ఎంత పట్టుకుంటామని రాసుకున్నారు, అడ్వాన్స్ ఎప్పుడు తిరిగి ఇస్తామన్నారు అనే మూడు విషయాలు చూసుకుంటే చాలు. ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. ఆ గడువు దాటాక చాలామంది కొత్త కాగితం లేకుండానే ఏళ్ళ తరబడి ఉండిపోతారు. వేరే ఒప్పందం లేని నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ 15 రోజుల నోటీసు చాలంటుంది గానీ, నెల రోజుల ముందే చెప్పడం మర్యాద, క్షేమం కూడా. ఫోనులో చెప్పినా సరే, ఫలానా తేదీన ఖాళీ చేస్తున్నామని, అడ్వాన్స్ ఇంత ఉందని వెంటనే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాసి పెట్టండి. అడ్వాన్స్ నగదుగా ఇచ్చి రసీదు తీసుకోనివారికి ఈ సందేశం మరీ ముఖ్యం, ఎందుకంటే దానికి ఓనరు “సరే” అని బదులిస్తే ఆ మొత్తానికి అదే మొదటి రుజువు అవుతుంది.

చివరి రెండు నెలల అద్దె కట్టకుండా అడ్వాన్స్‌లో చెల్లు వేసుకుందామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే అంతకంటే సుఖమైన దారి లేదు. ఒప్పుకోకపోతే మాత్రం అద్దె ఎగ్గొట్టినవారు మీరే అవుతారు.

అసలు పేచీ వచ్చేది అడ్వాన్స్‌లోంచి పట్టుకునే కోతల దగ్గర. 1882 చట్టంలోని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, అయితే మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల దానికి మినహాయింపు. నాలుగేళ్ళలో గోడ రంగు వెలిసిపోవడం, తలుపు గడియ వదులవడం అరుగుదల. సింక్ పగలడం, పిల్లలు గోడ నిండా స్కెచ్ పెన్నుతో బొమ్మలు గీయడం నష్టం. అగ్రిమెంట్లో “ఒక నెల అద్దె పెయింటింగ్‌కు” అని సంతకం చేసి ఉంటే దాన్ని కాదనడం కష్టం, కాని ఆ మాట ఎక్కడా లేనప్పుడు అది ఆనవాయితీ మాత్రమే కనుక బేరమాడవచ్చు.

మేము ఒక ఇల్లు ఖాళీ చేసినప్పుడు పెయింటింగ్‌తో పాటు గీజర్ పాడైందని 6,500 రూపాయలు కోత పెట్టారు. చేరిన రోజు తీసిన ఫోటోల్లో గీజర్ కింద పైపు దగ్గర అరచేతి వెడల్పున తుప్పు మరక స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఫోటో పంపి, ప్లంబర్ బిల్లు ఉంటే చూపించమని అడిగాను. బిల్లు రాలేదు, రెండు రోజులకు గీజర్ మాట కూడా లెక్కలోంచి పోయింది. కాబట్టి ప్రతి కోతకూ బిల్లు అడగండి. మేకుల రంధ్రాలు మాత్రం మీరే వైట్ సిమెంట్‌తో పూడ్పించుకోండి, ఓనరు పిలిపించే మేస్త్రి కూలి కంటే చాలా తక్కువలో పని అయిపోతుంది.

సామాను లారీ ఎక్కాక, ఖాళీ ఇంట్లో ఓనరుతో కలిసి గది గదీ తిరగండి. కరెంటు మీటరు రీడింగును ఫోటో తీసి, చివరి బిల్లు నాటి రీడింగు తీసివేసి, మిగిలిన యూనిట్లకు అక్కడే లెక్క కట్టండి. లేకపోతే “బిల్లు వచ్చాక చూద్దాం” అన్న మాటతో మొత్తం డబ్బూ ఆగిపోతుంది. అపార్ట్‌మెంట్ అయితే మెయింటెనెన్స్ బకాయి లేదని అసోసియేషన్ వారి చేత రాయించుకోండి. ఓనరు అమెరికాలో, తాళాలు బావమరిది దగ్గర ఉండే ఇళ్ళు మన నగరాల్లో కోకొల్లలు. అక్కడ తాళాలు తీసుకునేవారికీ డబ్బు ఇచ్చేవారికీ సంబంధం ఉండదు గనుక, తాళాలు ఎవరికివ్వాలో, డబ్బు ఎవరిస్తారో ఓనరు నుంచే ముందుగా సందేశం తెప్పించుకోవాలి. తాళాలు, డబ్బు ఒకేసారి చేతులు మారడం ఉత్తమం. కుదరకపోతే, తాళాలు అందాయని, కోతలు పోను ఇంత మొత్తం ఫలానా తేదీకి ఇస్తామని ఒక తెల్ల కాగితం మీద సంతకం తీసుకోండి. డబ్బు వచ్చేదాకా తాళాలు ఇవ్వనని భీష్మించుకుంటే మాత్రం ఆ రోజులకు కూడా అద్దె అడిగే అవకాశం వారికి ఇచ్చినట్టవుతుంది.

చెప్పిన తేదీ దాటితే, లెక్కంతా వివరించి, 15 రోజుల గడువు పెట్టి, న్యాయవాది ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపించండి. చాలామంది ఓనర్లు ఈ మెట్టు దగ్గరే దిగివస్తారు. పోలీసు స్టేషనుకు వెళితే ఇది సివిల్ తగాదా అని పంపించేస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో, కేసు వేయకముందే, కోర్టు ఫీజు లేకుండా లోక్ అదాలత్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు; 15100 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే అక్కడ రాజీ కుదురుతుంది, కుదిరితే ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చే తీర్పు (అవార్డు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. కుదరకపోతే మిగిలేది సివిల్ దావా, దానికి కాలపరిమితి మూడేళ్ళు. రెండు నెలలకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని చెప్పే నమూనా అద్దె చట్టాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించింది గాని, రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. నోటీసులో దాన్ని ఉటంకించే ముందు న్యాయవాదిని అడగండి.

డబ్బు విడతలుగా ఇస్తున్నప్పుడు ఓనరు ముందే రాసి తెచ్చిన రసీదును ఒకసారి పూర్తిగా చదివి సంతకం పెట్టండి. “లెక్కలన్నీ తీరిపోయాయి” అన్న వాక్యం అందులో ఉంటే కొట్టివేసి, అందిన మొత్తం ఇంత, రావలసిన బాకీ ఇంత అని మీ చేతి రాతతో చేర్చి, ఇద్దరూ పక్కన పొడి సంతకాలు చేయండి.