పోయిన కుక్కపిల్ల పాదం అచ్చు దాచుకోవాలంటే

మా టామీ పోయిన రోజు, ఫోన్ నిండా ఫోటోలున్నా చేత్తో తడుముకోవడానికి ఏదీ లేదనిపించింది. అచ్చు కిట్ ఆర్డర్ పెడితే వచ్చేదాకా ఆగలేం కదా. వంటింట్లో ఉన్నవాటితోనే చేశాం.

రెండు కప్పుల మైదా, కప్పు మెత్తటి ఉప్పు, కప్పుకి కాస్త తక్కువ నీళ్లు. పూరీ పిండిలా గట్టిగా కలిపి, అరంగుళం మందాన బిళ్లలా ఒత్తి, పాదం తుడిచి అదిమాం. వేళ్ల మధ్య వెంట్రుకల గీతలు కూడా పడ్డాయి. పుల్లతో పేరు రాసి, నాలుగైదు రోజులు తిప్పుతూ ఎండబెట్టి, రెండు కోట్లు వార్నిష్ వేశాం.

వానాకాలంలో మాత్రం ఉప్పు చెమ్మ పీల్చి బిళ్ల మెత్తబడుతుంది, ఓవెన్ ఉంటేనే చేయండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే అందనివ్వకండి, అంత ఉప్పు తింటే దాని ప్రాణం మీదికొస్తుంది.