పూల్ తవ్వకముందే సైజు ఎలా తేల్చుకున్నామంటే (నా అనుభవం)

శంకర్‌పల్లి దగ్గర మా ఇంటి వెనక పూల్ కట్టిద్దామనుకున్నాం. 24 అడుగులు, 12 అడుగులు అంటే ఎంతో ఇంట్లో ఎవరికీ అందలేదు. గ్రాఫ్ పేపరు, ఫోన్ యాప్, కాంట్రాక్టరు త్రీడీ వీడియో (అందులో కొబ్బరిచెట్లున్నాయి, మాకు లేవు) ఏవీ తేల్చలేదు.

చివరికి నేలమీదే ముగ్గు పోశాం. ముందు నాలుగు మేకులు, పురికొస. ఎదురుమూలల కొలత రెండువైపులా 26 అడుగుల 10 అంగుళాలు వచ్చేదాకా మేకులు జరిపాం. అలా వస్తేనే మూలమట్టం కుదిరినట్టు. చుట్టూ నడవడానికి 3 అడుగులు వదిలి ఇంకో గీత పోశాం. అదిగో, ఆ గీత తిన్నగా సెప్టిక్ ట్యాంకు మూత మీంచి పోయింది! వారం రోజులు చెరపకుండా, సాయంత్రాలు అక్కడే కుర్చీలేసుకుని కూర్చున్నాం. వేపాకులు సగం ముగ్గులోకే రాలుతున్నాయి. చెట్టుకు దూరంగా జరిపి, పొడవు 20 అడుగులు చేశాం. 4 అడుగుల లోతుకి సుమారు 27 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు.

మాది చదును నేల. వాలున్న చోట ఇది చాలకపోవచ్చు. లోతు కూడా ముగ్గుతో తెలియదు. గోడమీద 4 అడుగుల దగ్గర సుద్దగీత గీసి మావాణ్ణి నిలబెట్టాను. గీత పైన జుట్టు మాత్రమే కనిపించింది.