‘ది డెవిల్ విత్ హిట్లర్’ ప్రింటు కొనేముందు చూసుకోవలసినవి

1942లో హాల్ రోచ్ నిర్మించగా యునైటెడ్ ఆర్టిస్ట్స్ విడుదల చేసిన ఈ హాస్యచిత్రం నిడివి దాదాపు 44 నిమిషాలే. ఒకే టికెట్టుపై రెండు సినిమాలు చూపే ప్రదర్శనల కోసం రోచ్ తీసిన ‘స్ట్రీమ్‌లైనర్’ పొట్టి చిత్రాలలో ఇదొకటి. నరకంలో తన పీఠం హిట్లర్‌కు పోకుండా కాపాడుకోవడానికి, అతనిచేత ఒక్క మంచిపనైనా చేయించాలని సైతాను పడే పాట్లే కథ. బాబీ వాట్సన్ హిట్లర్‌గా, అలన్ మౌబ్రే సైతానుగా నటించారు. హాస్యం మొరటుదే, దీనిని గొప్ప సినిమా అనలేము. అయితే యుద్ధం ఎటు తేలుతుందో తెలియని రోజుల్లో అమెరికా తన శత్రువును ఎలా వెక్కిరించిందో ఇందులో యథాతథంగా కనిపిస్తుంది. సేకర్తలకు కావలసినది అదే.

16 ఎం.ఎం. (ఫిల్ము వెడల్పు 16 మిల్లీమీటర్లు) ప్రింటు దొరికితే ముందుగా పొడవు కొలవాలి. ధ్వని ఉన్న 16 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 36 అడుగుల చొప్పున నడుస్తుంది కనుక, పూర్తి ప్రింటు 1,600 అడుగులకు కాస్త తక్కువగా, ఒకే పెద్ద రీలులో ఇమిడేలా ఉండాలి. 1,400 అడుగులే ఉంటే సుమారు అయిదు నిమిషాల చిత్రం పోయినట్లే; అటువంటి ప్రింటుకు పూర్తి ధర ఇవ్వకూడదు. అతుకులు ఎక్కడెక్కడ ఉన్నాయో రీలును చేత్తో తిప్పి చూడాలి, ప్రొజెక్టరుపై వేసి కాదు.

ఫిల్ము అంచున కోడాక్ వేసిన చిన్న గుర్తులు ముడిఫిల్ము తయారైన సంవత్సరాన్ని చెబుతాయి. కాని ఆ గుర్తులు 20 ఏళ్లకొకసారి పునరావృతమయ్యేవి. 1942 నాటి గుర్తే 1962 ఫిల్ముపైనా ఉంటుంది. గుర్తును మాత్రమే చూపి తొలి విడుదల నాటి ప్రింటని చెప్పే అమ్మకందారును నమ్మకూడదు.

పోస్టర్ల సంగతి సులభం. ఆనాటి ‘వన్ షీట్’ 27×41 అంగుళాలది, మడతపెట్టి పంపేవారు. మడత జాడలే లేని నిగనిగలాడే ప్రతిని అనుమానించాలి.

35 ఎం.ఎం. ప్రింటైతే అది మంటలంటుకునే నైట్రేట్ ఫిల్ము కావచ్చు కనుక, ఇంట్లో ఉంచుకోక ఫిల్ము భాండాగారాన్ని సంప్రదించాలి. 16 ఎం.ఎం.కు ఆ భయం లేదు గాని, డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ముకు ఆధారమైన అసిటేట్ ప్లాస్టిక్ క్షయించడం మొదలైనట్లు. ఆ ఆవిరి పక్క రీళ్లనూ పాడుచేస్తుంది కనుక, దానిని వేరుగా, చల్లని పొడిచోట ఉంచి, ఆలస్యం చేయకుండా డిజిటల్ ప్రతి తీయించుకోవాలి.