ఓడిపోతున్న బేస్‌బాల్ జట్టులో కొత్త జనరల్ మేనేజర్‌నూ కొత్త మేనేజర్‌నూ అంచనా వేయడం ఎలా?

2003లో డెట్రాయిట్ టైగర్స్ జట్టు ఆడిన 162 మ్యాచ్‌లలో 43 మాత్రమే గెలిచి, 119 ఓడి, అమెరికన్ లీగ్ (అమెరికా ప్రధాన బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి) చరిత్రలో అప్పటివరకు ఏ జట్టూ చూడనన్ని ఓటములతో సీజన్ ముగించింది. మూడేళ్లు తిరిగేసరికి, 2006లో, అదే జట్టు ఆ లీగ్ విజేతగా, రెండు లీగ్‌ల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్ ఆడింది. ఈ రెండు సీజన్లలోనూ జనరల్ మేనేజర్ డేవ్ డోంబ్రోస్కీయే, మారింది మేనేజర్. పరాజయాల్లో ఉన్న జట్టు నాయకత్వాన్ని ఎలా తూచాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

ముందుగా ఇద్దరికీ రెండు వేర్వేరు ఖాతాలు తెరవాలి. జట్టులో ఎవరుండాలో నిర్ణయించేది జనరల్ మేనేజర్. ఉన్నవారిలో ఈ రోజు ఎవరు ఆడాలో, అలసిన పిచర్‌ను (బంతి విసిరేవాడిని) ఏ ఇన్నింగ్స్‌లో తప్పించాలో నిర్ణయించేది మేనేజర్. క్రికెట్‌లో కెప్టెన్ మైదానంలో నిలబడి తీసుకునే నిర్ణయాలను ఇక్కడ మేనేజర్ డగౌట్‌లో (మైదానం పక్కన జట్టు కూర్చునే చోట) కూర్చొని తీసుకుంటాడు గనుక, క్రికెట్ చూసి పెరిగిన మనం ఒకరి తప్పును మరొకరి ఖాతాలో రాసేసే ప్రమాదం ఎక్కువ.

జనరల్ మేనేజర్ ఖాతాలో మొదటి పేజీ, అతను బాధ్యత తీసుకున్న రోజున చేతికి వచ్చిన ఆటగాళ్ల జాబితా. 2002 సీజన్‌ను టైగర్స్ వరుసగా ఆరు ఓటములతో ఆరంభించినప్పుడు, అప్పటికే క్లబ్ అధ్యక్షుడిగా ఉన్న డోంబ్రోస్కీ ఆ పదవిని కూడా చేపట్టాడు. 2006 జట్టులోని ప్రతి పేరు పక్కన ‘ఇతన్ని ఎవరు తెచ్చారు?’ అని రాసుకుంటే, బ్రాండన్ ఇంజ్, ఫెర్నాండో రోడ్నీ పాత యాజమాన్యం వదిలివెళ్లిన ఆస్తి అని, కార్లోస్ గియెన్, ప్లాసిడో పొలాంకో, కర్టిస్ గ్రాండర్సన్ అతని సొంత సంపాదన అని స్పష్టమవుతుంది.

తర్వాత ట్రేడ్‌లను, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడులను చూడాలి, అయితే తొందరపడకూడదు. 2002 జులైలో జెఫ్ వీవర్ అనే పిచర్‌ను యాంకీస్‌కు పంపిన మూడు జట్ల ఒప్పందంలో టైగర్స్‌కు వచ్చినవారిలో జెరెమీ బాండర్‌మన్ ఒకడు. ఇరవై ఏళ్ల వయసులో, 2003లో, అతని ఖాతాలో 6 గెలుపులు, 19 ఓటములు పడ్డాయి (బేస్‌బాల్‌లో మ్యాచ్ గెలుపోటములను పిచర్ పేరిట కూడా రాస్తారు). ఆ ఏడాదే తీర్పు చెప్పినవారు దాన్ని నష్టపు బేరమనే అనుకుని ఉండాలి. 2006 అక్టోబరులో అదే యాంకీస్‌ను ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) నుంచి ఇంటికి పంపిన మ్యాచ్‌లో బంతి వేసింది బాండర్‌మన్. ఖాతాలో ఖర్చుల వైపు కూడా నిజాయితీగా రాయాలి: అదే ఒప్పందంలో వచ్చిన కార్లోస్ పెన్యాను 2006 వసంతంలో టైగర్స్ వదులుకుంటే, మరుసటి ఏడాది అతను టాంపా బే తరఫున 46 హోమ్ రన్‌లు కొట్టాడు.

ఓడిపోయే జట్టుకు పేరున్న ఫ్రీ ఏజెంట్లు (ఒప్పందం ముగిసి, నచ్చిన జట్టులో చేరగల ఆటగాళ్లు) సులువుగా రారు కాబట్టి, ఒప్పందాల అంకె కన్నా వాటిలోని షరతులు ఎక్కువ చెబుతాయి. ఇవాన్ రోడ్రిగెజ్‌కు నాలుగేళ్లకు 4 కోట్ల డాలర్లు, మాగ్లియో ఆర్డోన్యెజ్‌కు ఐదేళ్లకు 7.5 కోట్ల డాలర్లు ఇచ్చినప్పుడు, ఒకరి నడుము, మరొకరి మోకాలు మళ్లీ మొరాయిస్తే క్లబ్ తప్పుకోగలిగే వీలును డోంబ్రోస్కీ ముందే రాయించుకున్నాడు. తెగింపూ జాగ్రత్తా ఒకే కాగితంపై కనిపించడం మంచి లక్షణం.

జట్లు వంతుల వారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ విషయంలో మరింత ఓపిక అవసరం. 2004లో రెండో ఎంపికగా తీసుకున్న జస్టిన్ వెర్లాండర్ 2006కే ఉత్తమ కొత్త ఆటగాడిగా నిలిచాడు గాని, అంత వేగం అరుదు. 2023లో టొరంటో బ్లూ జేస్ మొదటి రౌండులో 20వ ఎంపికగా తీసుకున్న తెలుగు మూలాల కుర్రాడు అర్జున్ నిమ్మల వయసు అప్పటికి 17. అలాంటి ఎంపిక మంచిదా కాదా అని రెండేళ్లకే తేల్చడం పిందెను కోసి తీపి చూడటం లాంటిది.

మేనేజర్‌ను తూచేటప్పుడు జట్టు తీసిన పరుగుల వర్గాన్ని, తీసిన పరుగుల, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగిస్తే రావలసిన గెలుపుల శాతం తెలుస్తుంది. 2003లో టైగర్స్ 591 పరుగులు తీసి 928 ఇచ్చింది. ఈ లెక్కన దాదాపు 47 గెలుపులు రావాలి, వచ్చినవి 43. అంటే అనుభవం లేని మేనేజర్ ఆలన్ ట్రామెల్ ఎంత తడబడినా, అతని వాటాగా, అదృష్టం వాటాగా కలిపి మిగిలేది నాలుగు మ్యాచ్‌లే. మిగతాది జట్టు బలహీనత. పైగా బాండర్‌మన్‌కు ఇరవయ్యో ఓటమి తగలకుండా సెప్టెంబరులో వెనక్కి తీసుకోవడం, రేపటి కోసం ఈ రోజు పట్టికను పక్కన పెట్టగలిగిన మనిషి పని. ఇలాంటివి గణాంకాల్లో దొరకవు, మ్యాచ్‌లు చూసి రాసుకోవాలి.

మూడేళ్లలో 186 గెలిచి 300 ఓడిన ట్రామెల్‌ను 2005 చివర తొలగించి, జిమ్ లేలాండ్‌ను తెచ్చారు. 1997లో ఫ్లోరిడా మార్లిన్స్‌కు వరల్డ్ సిరీస్ తెచ్చిన జోడీ ఈ డోంబ్రోస్కీ, లేలాండ్‌లదే. గెలుపులు 71 నుంచి 95కు పెరిగాయి. ఆ ఘనతంతా లేలాండ్‌కు కట్టబెట్టే ముందు, ఇచ్చిన పరుగులు 787 నుంచి 675కు ఎందుకు తగ్గాయో అడగాలి. కెన్నీ రోజర్స్, టాడ్ జోన్స్ వచ్చారు. వెర్లాండర్, జోయెల్ జుమాయా ఎదిగారు. అయినా ఆ ఇద్దరు కుర్రాళ్లనూ సీజన్ మొదటి రోజు నుంచే పెద్ద జట్టులో ఉంచి నమ్మడంలో లేలాండ్ పాత్ర ఉంది, అది అతని ఖాతాలోనే రాయాలి.

ఈ పద్ధతిని ఇప్పుడు షికాగో వైట్ సాక్స్‌కు వర్తింపజేసి చూడవచ్చు. 2024లో ఆ జట్టు 121 మ్యాచ్‌లు ఓడి, ఆధునిక యుగంలో (1900 తర్వాత) ఒక సీజన్‌లో అత్యధిక ఓటముల రికార్డు నెలకొల్పింది. 2025లో విల్ వెనబుల్ మేనేజర్‌గా 60 గెలిచి 102 ఓడింది. జనరల్ మేనేజర్ క్రిస్ గెట్జ్ 2023 ఆగస్టులో ఆ పదవికి వచ్చినా, అంతకుముందు ఏళ్ల తరబడి అదే క్లబ్‌లో ఆటగాళ్ల అభివృద్ధిని చూసుకున్నవాడే గనుక, చేతికి వచ్చిన జట్టు బాగోలేదన్న వెసులుబాటు అతనికి డోంబ్రోస్కీకి ఇచ్చినంత ఇవ్వలేము. 2024 డిసెంబరులో పిచర్ గ్యారెట్ క్రోషేను బోస్టన్‌కు ఇచ్చి నలుగురు యువకులను తెచ్చుకున్న ట్రేడ్ దగ్గర మాత్రం, తీర్పు గడిని నేను 2027 సీజన్ ముగిసేవరకు ఖాళీగానే ఉంచుతాను.