నల్లజాతి వారి ఫ్యునరల్ హోమ్ చరిత్రను ఇలా వెతకండి

అమెరికాలోని షికాగోలో నల్లజాతి వారు నడిపిన ఫ్యునరల్ హోమ్‌ల, అంటే అంత్యక్రియలు జరిపే సంస్థల, చరిత్రలు ఎలా వెతకాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ముందు మరణ ధ్రువపత్రాలు చూడండి. అంత్యక్రియలు జరిపిన సంస్థ పేరు, ఖననం చేసిన చోటు అక్కడ దొరుకుతాయి. ఆ పేరు పట్టుకుని పాత సిటీ డైరెక్టరీల్లో, అంటే నగరంలోని మనుషుల, వ్యాపారాల చిరునామాలు అచ్చేసిన పుస్తకాల్లో, ఏడాదివారీగా చిరునామాలు రాసుకోండి. తర్వాత 1905లో మొదలైన నల్లజాతి వారి 'షికాగో డిఫెండర్' పత్రికలో మరణవార్తలు, ప్రకటనలు చదవండి.

షికాగోలోని ఏ.ఏ. రేనర్ ఫ్యునరల్ హోమ్‌నే తీసుకోండి. 1955లో మిసిసిపీ రాష్ట్రంలో తెల్లజాతి వాళ్లు చంపేసిన 14 ఏళ్ల షికాగో నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్ శవపేటిక, తెరవకూడదన్న షరతుతో వాళ్ల దగ్గరికి చేరింది. తల్లి మామీ పట్టుబట్టి తెరిపించింది. కొడుకు ముఖాన్ని లోకం చూడాలంది. రాబర్ట్స్ టెంపుల్ చర్చిలో జనం బారులు తీరారు. 'జెట్' పత్రిక ఆ ఫొటోలు వేసింది. ఇది చదివినప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. వ్యాపార చరిత్ర అని తేలిగ్గా తీసుకోకండి.

అంత్యక్రియల రోజు పంచే కార్యక్రమ పత్రాలు బంగారం లాంటివి. పుట్టిన ఊరు, చర్చి, బంధువుల పేర్లు అన్నీ వాటిలోనే ఉంటాయి. చర్చిల్లో, పెద్దవాళ్ల ఇళ్లలో అడగండి. స్కాన్ చేసి అసలు ప్రతిని వెంటనే తిరిగివ్వండి. కుటుంబం వద్దన్న వివరం మాత్రం రాయకండి.