తెల్లబడిన ట్యూబుకి రీడింగ్ తీయకండి

ఈ మధ్య నెల్లూరులో ఒక పీజీ ప్రాజెక్టు రిపోర్టు చూసి కంగారుపడ్డాను. పొదలకూరు నిమ్మతొక్కల నూనెలో దాదాపు లవంగ నూనెలో ఉన్నన్ని ఫినాల్స్ (మొక్కల్లో ఉండే ఒక రకం రసాయనాలు) ఉన్నాయట! లవంగ నూనెలో అధిక భాగం యూజెనాల్, అది ఫినాలే. నిమ్మతొక్క నూనెలో అధిక భాగం లిమొనీన్, అది ఫినాల్ కానే కాదు. మరి అంత అంకె ఎలా వచ్చింది? ట్యూబులు చూపించమంటే తెలిసింది, అన్నీ పలచటి మజ్జిగలా ఉన్నాయి.

గ్లోవ్స్, కళ్లద్దాల సంగతి మీ సార్లు చెప్పే ఉంటారు. ప్రాజెక్టుల్ని ముంచుతున్నది ఈ మసకే.

ఫినాల్స్ కొలవడానికి వాడే ఫోలిన్ రీఏజెంట్ (ఫినాల్స్ ఉంటే నీలం రంగు వస్తుంది), దానితో కలిపే సోడియం కార్బొనేట్ రెండూ నీళ్ల ద్రావణాలు. ఆల్కహాల్‌లో కరిగించిన నూనె అందులో పడగానే సన్నటి బొట్లుగా విడిపోయి తెల్లబడుతుంది. నీలం రంగు పీల్చుకున్న కాంతికీ, బొట్లకు తగిలి చెదిరిపోయిన కాంతికీ తేడా స్పెక్ట్రోఫోటోమీటర్‌కు, అంటే కాంతిని కొలిచే మిషన్‌కు, తెలియదు. అవతలికి చేరనిదంతా పీల్చుకున్నట్టే లెక్కగడుతుంది. నీలం రంగుని కొలిచే 765 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూసినా అంతే.

అందుకే ప్రతి నూనెకూ ఫోలిన్ బదులు నీళ్లు పోసి, మిగతావన్నీ మామూలుగా కలిపిన శాంపిల్ బ్లాంక్ (నీలం రంగు రాని పోలిక ట్యూబు) ఒకటి పెట్టండి. దాని వెనక పేపరు పెడితే అక్షరాలు స్పష్టంగా కనపడాలి. కనపడలేదా, నూనె తగ్గించి మొదటినుంచి చేయండి. మిథనాల్ ఎక్కువైతే కార్బొనేట్ కూడా తెల్లగా దిగుతుంది. అప్పుడూ రీడింగ్ తీయకండి.

నూనె తీసే ఆకులు నీడలోనే ఆరబెట్టండి. మన రోహిణి ఎండలో పెడితే నూనె ఆవిరైపోతుంది.

ఫోలిన్ పసుపుగా ఉండాలి. ఆకుపచ్చకి తిరిగితే వాడకండి, సింకులో పోయకండి.

ముందు ఫోలిన్, కాసేపాగి కార్బొనేట్. క్షారంలో ఫోలిన్ త్వరగా పాడవుతుంది.

రీడింగ్ (అబ్సార్బెన్స్) 2 అంటే అవతలికి చేరింది నూటికి ఒక వంతు కాంతే. నమ్మకండి. రంగు వచ్చాక నీళ్లు కలపకండి, ఎక్స్‌ట్రాక్ట్‌నే (తీసిన సారాన్నే) పలచన చేసి మళ్లీ మొదలుపెట్టండి.

నిమ్మరసంలో విటమిన్ సి కూడా ఫోలిన్‌ని నీలం చేస్తుంది. అదంతా ఫినాలని రాయకండి.

280 నానోమీటర్ల (అతినీలలోహిత కాంతి) రీడింగ్‌కి క్వార్ట్జ్ క్యూవెటే (మిషన్‌లో శాంపిల్ పోసి పెట్టే చిన్న పాత్ర) వాడండి. ప్లాస్టిక్ దాంట్లో నూనె పోయకండి.

కరెంటు పోయి వచ్చిందా? మిషన్ లోపలి లైటు నిలకడయ్యేదాకా ఆగి, బ్లాంక్ మళ్లీ పెట్టండి.

మిథనాల్ దగ్గర మంట వద్దు.

తెల్లబడిన ట్యూబుకి రీడింగ్ వద్దు. గడువు రేపే అయినా వద్దు.

శాంపిల్ బ్లాంక్ లేకుండానే రిపోర్టు బైండింగ్‌కి ఇచ్చినవాళ్లు వెనక్కి తెచ్చుకుని, ఈ వారంలోనే నూనె రీడింగులు మళ్లీ తీయండి.