మీ కార్మిక సంఘం చరిత్రను జాతీయ సమాఖ్య దాకా రాయడం ఎలా?

ఫ్యాక్టరీలోనో డిపోలోనో పనిచేస్తున్న కార్మిక సంఘం చరిత్ర రాయదలచినవారు మొదట దాని రిజిస్ట్రేషన్ పత్రాన్నీ, పాత లెటర్‌హెడ్లనూ సంపాదించాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కింద రిజిస్టరయిన పేరు వేరు, ఆ సంఘం ఏ జాతీయ సమాఖ్యకు, అంటే దేశవ్యాప్తంగా సంఘాలను కలిపే సంస్థకు, అనుబంధంగా ఉన్నదనేది వేరు. పేరు మారకుండానే అనుబంధం మారవచ్చు కనుక రెండింటినీ విడివిడిగా, సంవత్సరాలతో సహా రాసుకోవాలి.

ఆ తరువాత అలాంటి సమాఖ్యల్లో మొదటిదైన ఏఐటీయూసీ (ఆల్ ఇండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్) చరిత్రకు వెళ్ళాలి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడి, దాని సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిని ఎవరు ఎంపిక చేయాలన్న ప్రశ్న రాగా, 1920 అక్టోబరు 31న బొంబాయిలో లాలా లజపతి రాయ్ అధ్యక్షతన ఆ సమాఖ్య మొదలయింది.

ఇక్కడినుంచి స్థాపన తేదీలను వల్లెవేయడం కంటే, ప్రతి చీలికలోనూ తగువు దేనిమీద వచ్చిందో వెతకడమే సరైన పద్ధతని నా గట్టి అభిప్రాయం. 1929లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షత వహించిన నాగపూర్ మహాసభ, బ్రిటిష్ ప్రభుత్వం కార్మికుల స్థితిగతులపై నియమించిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలని తీర్మానించగా, సహకరించడమే మేలని నమ్మిన కార్మిక నాయకులు ఎన్.ఎం.జోషీ, మన వి.వి.గిరి తదితరులు బయటికి వచ్చి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. ఇరుపక్షాలూ కార్మికుల మేలే కోరాయి. అందుకే ఇద్దరి వాదాలూ చదవకుండా తీర్పు చెప్పకూడదు. 1931లో కలకత్తాలో కమ్యూనిస్టులు విడిపోయి 1935లో తిరిగి వచ్చారు, 1940కల్లా గిరి వర్గం కూడా విలీనమయింది. విలీనాలను వదిలేస్తే కథ సగమే అవుతుంది.

తరువాతి వరుస తేలికే: 1947 మేలో కాంగ్రెస్‌వారి ఐఎన్‌టీయూసీ (ఇండియన్ నేషనల్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్), 1948 డిసెంబరులో సోషలిస్టుల హెచ్‌ఎంఎస్ (హింద్ మజ్దూర్ సభ), 1955లో భోపాల్‌లో ఆరెస్సెస్ వారి బీఎంఎస్ (భారతీయ మజ్దూర్ సంఘ్), 1970లో సీపీఎం వారి సీఐటీయూ (సెంటర్ ఆఫ్ ఇండియన్ ట్రేడ్ యూనియన్స్). ఏఐటీయూసీ నుంచి చీలి పుట్టిన ఆ చివరిదాని వద్ద మాత్రం ఆగాలి. కమ్యూనిస్టు పార్టీ 1964లోనే సీపీఐ, సీపీఎంలుగా చీలినా ఏఐటీయూసీ చీలడానికి ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ మీ సంఘంలో రెండు పార్టీలవారు ఒకే కమిటీలో ఎలా కూర్చున్నారో పెద్దవారిని అడిగి రాసుకోవాలి. జ్ఞాపకాల్లో సంవత్సరాలు తడబడితే, మినిట్స్ పుస్తకాన్నీ జమాఖర్చులనూ ముందు పెట్టుకుని, ఏ సమాఖ్యకు కట్టే అనుబంధ రుసుము ఏ ఏడాది ఆగి, ఏ సమాఖ్య పేరిట మళ్ళీ మొదలయిందో చూడాలి.